కొండదారిలో దూరపు పరుగు

ఎత్తుపల్లాల దారిలో గంటల తరబడి సాగే పరుగును కొండదారి పరుగు అంటారు. ఇక్కడ వేగాన్ని కిలోమీటరుకు పట్టే నిమిషాలతో కాక, పడే శ్రమతో అంచనా వేసుకోవాలి. అనకాపల్లి జిల్లా (2022కు ముందు విశాఖపట్నం జిల్లా) బుచ్చయ్యపేట మండలం ఈ సాధనకు చక్కగా సరిపోతుంది. చెరకు పొలాల నడుమ చదును రోడ్లు ఊరి పక్కనే దొరుకుతాయి. మండలంలోని వడ్డాది మీదుగా మాడుగుల దాటితే తూర్పు కనుమలెక్కే పాడేరు ఘాట్ వస్తుంది. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది.

ఎక్కుడు

పరుగుకయ్యే శక్తి వాలును బట్టి ఎలా మారుతుందో పరిశోధకుడు ఆల్బర్టో మినెట్టి బృందం ట్రెడ్‌మిల్ మీద కొలిచి 2002లో ప్రచురించింది. వంద మీటర్లకు పది మీటర్లు ఎత్తు పెరిగితే చదును మీదకన్నా ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి కావాలి. ఇరవై మీటర్లు పెరిగితే దాదాపు రెండున్నర రెట్లు. చదును మీది వేగాన్నే ఘాట్‌లోనూ పట్టుకుని వెళ్లినవాళ్లు మొదటి కొన్ని మలుపుల్లోనే ఆయాసపడిపోవడానికి కారణం ఇదే.

శ్రమకు వాచీకన్నా మాటే మంచి కొలత. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే నడవాలి. నిటారు చోట్ల నడవడం ఓటమి కాదు, ఆరితేరినవాళ్లూ నడుస్తారు. అడుగులు పొట్టిగా, వెంటవెంటనే పడాలి. నడుము దగ్గర వంగితే ఊపిరికి అడ్డం. మలుపులో లోపలి అంచు బాగా నిటారుగా, బయటి అంచు కాస్త ఏటవాలుగా ఉంటుంది. అయినా బస్సులు తిరిగే ఘాట్‌లో ఎదురొచ్చే డ్రైవరుకు కనబడే వైపే మేలు.

దిగుడు

చాలామంది తక్కువగా అంచనా వేసేది దిగుడునే. ఊపిరి హాయిగా ఆడుతుంది కాబట్టి కాళ్లను వదిలేస్తారు. కానీ ప్రతి అడుగులోనూ తొడ ముందు కండరాలు సాగుతూనే శరీరం బరువును ఆపాలి. ఇలా సాగుతూ బరువు మోసినప్పుడే కండరాల్లోని సన్నని పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. నొప్పి ఆ రోజు తెలియదు. ఒకటి రెండు రోజులు పోయాక మెట్లు దిగడమే కష్టమవుతుంది. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగు దిశ సాధారణంగా ఏటా మారుతుంది. సముద్రతీరాన ఉన్న డర్బన్ వైపు దిగే ఏడాది తొడలు తట్టుకోవడమే పెద్ద పరీక్ష.

దీనికి మందు దిగుడే. ఒకసారి దిగుడు అలవాటైన కండరం కొన్ని వారాలపాటు అంతగా దెబ్బతినదు. అందుకే అసలు పరుగుకు రెండు మూడు వారాల ముందు ఒకటి రెండుసార్లు దిగుడు పరుగు చేయాలి. ఆఖరి వారంలో మాత్రం వద్దు. ఘాట్ అందుబాటులో లేనివాళ్లకు సింహాచలం మెట్లు చాలు. తిరుపతివాళ్లకైతే అలిపిరి నుంచి 3,550 మెట్లున్నాయి. ఎక్కి, బస్సులో తిరిగొస్తే సగం సాధనే అయినట్టు.

సన్నద్ధత

గంటల తరబడి కాళ్ల మీద ఉండటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు ఎంతోమంది నడుస్తారు. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచి, మూడు నాలుగు వారాలకొకసారి తగ్గించుకోవాలి.

పాడేరు ఎత్తులో గాలి పలుచనై ఇబ్బంది పెట్టదు. అసలు ఇబ్బంది కింది మైదానం ఉక్కపోత. వేసవిలో తెల్లవారకముందే బయలుదేరాలి. గంట దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. అరటిపండు, అనకాపల్లి బెల్లం, ఉప్పేసిన మజ్జిగ ఇక్కడి కడుపులకు అలవాటైనవే. పరుగుకు రెండు గంటల ముందు చోడి (రాగి) అంబలి చాలామందికి పడుతుంది, అయినా సాధనలోనే పరీక్షించుకోవాలి. దాహానికి మించి ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే.

ఎండలో చలి పుట్టినా, మాట తడబడినా, తల తిరిగినా పరుగు ఆపేయాలి. పక్కనున్నవాళ్లు ఆ మనిషిని నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. తెలివి తప్పుతుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.