తిక్కవరపు (ఇంటిపేరు)

తిక్కవరపు నెల్లూరు ప్రాంతంలో వినిపించే తెలుగు ఇంటిపేరు. తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్ల నుంచి పుట్టినవే. 'వరం'తో ముగిసే ఊరి పేరు ఇంటిపేరయ్యేటప్పుడు 'వరపు' అవుతుంది. ఈ ఇంటిపేరుతో సినీరంగంలో ప్రసిద్ధులైన ఇద్దరూ నెల్లూరులో పుట్టినవారే.

తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి (1919–2006)
కవి, చలనచిత్ర దర్శకుడు, నిర్మాత. కలంపేరు పఠాభి. శాంతినికేతన్‌లోనూ, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ చదివారు. 1939లో వెలువడిన 'ఫిడేలు రాగాల డజన్' ఛందస్సు కట్టుబాట్లను కాదని, పట్నవాసపు జీవితాన్ని వెటకారంగా చిత్రించి సంచలనం రేపింది. ఆ పుస్తకానికి శ్రీశ్రీ ముందుమాట రాశారు. 'పెళ్ళినాటి ప్రమాణాలు' (1958)తో సినీరంగంలోకి వచ్చారు.

ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది కన్నడ చిత్రం 'సంస్కార' (1970). యు.ఆర్. అనంతమూర్తి నవల దీనికి ఆధారం. గిరీశ్ కర్నాడ్ చిత్రానువాదం రాసి, ప్రాణేశాచార్య పాత్ర ధరించారు. పఠాభి భార్య స్నేహలతారెడ్డి చంద్రిగా నటించారు. ఛాయాగ్రాహకుడు ఆస్ట్రేలియాకు చెందిన టామ్ కోవన్. సెన్సారు మొదట నిషేధించిన ఈ చిత్రం, విడుదలయ్యాక జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. కన్నడ సినిమాకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఎమర్జెన్సీ కాలంలో జైలుపాలైన స్నేహలత, పెరోలుపై బయటికొచ్చిన కొద్దిరోజులకే 1977 జనవరిలో మరణించారు. ఆ తర్వాత కూడా పఠాభి 'శృంగార మాస', 'దేవర కాడు' వంటి కన్నడ చిత్రాలు తీశారు. వీరి కుమారుడు కోణార్క్ రెడ్డి గిటారు వాద్యకారుడు.

తిక్కవరపు సుబ్బరామిరెడ్డి (జననం 1943)
నిర్మాత, పారిశ్రామికవేత్త, రాజకీయ నాయకుడు. 'జీవన పోరాటం' (1986), 'స్టేట్ రౌడీ' (1989) వంటి జనరంజక చిత్రాలు నిర్మించారు. జి.వి. అయ్యర్ దర్శకత్వంలో సంస్కృతంలో 'భగవద్గీత', హిందీలో 'స్వామి వివేకానంద' తీశారు. 40వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 'భగవద్గీత' ఉత్తమ చిత్రంగా నిలిచింది. విశాఖపట్నం నుంచి 1996, 1998లలో లోక్‌సభకు ఎన్నికయ్యారు. తరువాత రాజ్యసభ సభ్యులయ్యారు.

తిక్కవరపు వారికి జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారం తెచ్చిన ఈ రెండు సినిమాల్లో ఏదీ తెలుగు చిత్రం కాదు.