విప్పడం కాదు, అడగడం

యంత్రం పాతబడేకొద్దీ చెడిపోయే అవకాశం పెరుగుతుందని, కాబట్టి గడువు పెట్టి విప్పి, భాగాలు మార్చి బిగిస్తే మంచిదని పరిశ్రమలు చాలాకాలం నమ్మాయి. ఆ నమ్మకాన్ని లెక్కలతో కదిపినవాడు మెకానిక్ కాదు, సి.హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన కోస్టల్ కమాండ్ జలాంతర్గాముల వేటకు వాడిన విమానాల మరమ్మతు రికార్డులను ఆయన బృందం తిరగేసింది. 50 గంటల ఎగురుడుకు ఒక తనిఖీ చేసేవారు. తనిఖీ అయిన వెంటనే అనుకోని రిపేర్లు బాగా తక్కువగా ఉండాలి కదా! ఉన్నవి అప్పుడే ఎక్కువ. గంటలు గడిచేకొద్దీ అవి తగ్గాయి. తర్వాతి తనిఖీ దగ్గరపడినా మళ్లీ పెరిగిన జాడ లేదు. సవ్యంగా నడుస్తున్నదాన్ని కదపడమే చేటు చేస్తోందని తేలింది. ఆ యుద్ధకాలపు పని పుస్తకంగా వచ్చింది 1973లో. ఈలోగా విమానయాన సంస్థలు అదే సంగతిని తమ ఖర్చుతో తామే నేర్చుకున్నాయి.

పాత పద్ధతిలో డీసీ-8 విమానానికి గడువు ప్రకారం ఓవర్‌హాల్ చేయాల్సిన భాగాలు 339. బోయింగ్ 747 కోసం 1968లో పరిశ్రమ కొత్త ప్రణాళికా పద్ధతిని రాసుకుంది. దాన్ని సవరించి వాడిన డీసీ-10లో అలాంటి భాగాలు ఏడే మిగిలాయి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం 1978లో రాసిన నివేదిక దీని కారణాన్ని గ్రాఫుల్లో చూపింది. పరిశీలించిన విమాన భాగాల్లో వయసుతో పాటు చెడిపోయే గుణం ఉన్నవి 11 శాతమే. 68 శాతం భాగాలకు కొత్తలోనే ప్రమాదం ఎక్కువ, తర్వాత నిలకడ. అంటే మంచి భాగాన్ని తీసి కొత్తది పెట్టిన ప్రతిసారీ ఆ తొలినాళ్ల గండాన్ని మళ్లీ కొని తెచ్చుకున్నట్టే.

నివేదికలోని అసలు మలుపు ఈ శాతాల్లో లేదు. ఎంత వాడాం అని కాక, ఇది ఆగిపోతే వాడేవారికి ఏమవుతుంది అని అడగడంలో ఉంది. పెళ్లి మండపంలో జనరేటర్ ఆగితే గోల. ఆపరేషన్ థియేటర్‌లో ఆగితే ప్రాణం. యంత్రం ఒకటే అయినా ప్రణాళిక ఒకటి కాకూడదు. పైగా కరెంటు పోయేదాకా ఆసుపత్రి జనరేటర్ చెడిందని ఎవరికీ తెలియదు, కనుక దాన్ని అప్పుడప్పుడూ నడిపి చూడక తప్పదు.

ఇదంతా ఖర్చు తగ్గించుకునే ఎత్తు అన్న అనుమానం సహజమే. దానికి ఊతమిచ్చే ఉదాహరణా ఒకటుంది. 1988 ఏప్రిల్ 28న దాదాపు 90 వేల ప్రయాణాలు చేసిన అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానం పైకప్పులో కొంత భాగం గాలిలోనే ఊడిపోయింది. విమాన సిబ్బందిలో ఒకరు మరణించారు. లోహపు అలసటకు వయసు ముఖ్యమే, కాదనలేం. అయితే అక్కడి లోపం పగుళ్లను కనిపెట్టాల్సిన తనిఖీలు వాటిని పట్టుకోలేకపోవడం. వినియోగాన్ని బట్టి ఎక్కడ, ఎలా చూడాలో తేల్చుకోమన్నదే కొత్త పద్ధతి, చూడటం మానమనలేదు. మరో అభ్యంతరం బలమైనది: విమానాల శాతాలను పంపులకో, బాయిలర్లకో అతికించవచ్చా? అతికించకూడదు. శాతాలను అరువు తెచ్చుకుని ప్రశ్నలను వదిలేసినవారే ఈ పద్ధతికి చెడ్డపేరు తెచ్చారు. అడ్డదారులన్నీ ఈ పద్ధతి పేరుతోనే చెలామణి అవుతుంటే, అసలైనదాన్ని గుర్తుపట్టే ప్రమాణాన్ని ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ 1999లో ప్రకటించింది. అందులోని ఏడు ప్రశ్నల్లో మొదటిది, ఇప్పుడున్న పరిస్థితుల్లో ఈ యంత్రం ఏ పని, ఏ స్థాయిలో చేయాలి అన్నది. ముందస్తుగా ఏ మరమ్మతు చేయాలన్న మాట ఆరో ప్రశ్నకు గానీ రాదు.