చిఱు కెమెరాయు కొండపల్లెల ముఖములును

నా పుస్తకముల పెట్టెలో అమరకోశపు పాతప్రతి ప్రక్కను ఒక చిన్న డిజిటల్ కెమెరా కలదు. 2005వ సంవత్సరమున కొన్నది. అరచేతిలో ఇమిడిపోవును. నేటి ఫోను తీసిన బొమ్మతో పోల్చినచో దాని బొమ్మ ముతక నేతబట్ట వంటిది. దీపపు వెలుగున తీసిన ముఖము పసుపు పూసినట్లు వచ్చును. పొగమంచులో కొండ తెల్లగా మాసిపోవును. ఫ్లాష్ వెలిగినచో కన్నులు నిప్పుకణికలవలె కనబడును. బ్యాటరీలు తీసినప్పుడెల్ల తేదీని మఱచి, తనంతట తానే 2000వ సంవత్సరము జనవరి మొదటి దినమునకు పోవును. అయినను దానిని పాఱవేయుటకు నాకు మనసు రాలేదు. నగరములలో యువకులు ఇట్టి పాత కెమెరాలను వెదకి కొనుచున్నారని విని మొదట ఆశ్చర్యపడితిని. దీని చరిత్రను విచారించిన పిదప ఆ యాశ్చర్యము తీఱినది. ఆ చరిత్రలో మన అరకు కొండలకును కొంత పాలు కలదు.

కొండలలో ఛాయాచిత్రము క్రొత్త వింత కాదు. మద్రాసు మ్యూజియము సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి తోడ్పాటుతో, దక్షిణదేశపు కులములను తెగలను గూర్చి ఏడు సంపుటముల గ్రంథమును 1909వ సంవత్సరమున ప్రకటించెను. విశాఖ మన్యమునందలి గదబలు, పొరజలు, కోందులు అందు వర్ణింపబడిరి. ఆ గ్రంథములోని చిత్రముల క్రింద తెగపేరే తఱచుగా కనబడును, మనిషిపేరు అరుదు. పిదప హైమెండార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు గోదావరి కొండలలోని రెడ్ల నడుమ తిరిగి 1945లో ఒక గ్రంథము వెలువరించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు లండనులోని సోయాస్ అను విద్యాసంస్థలో భద్రపఱుపబడి యున్నవి. వీరి శ్రమను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. వారు లేనిచో ఆ కాలపు రూపురేఖలు మనకు దక్కెడివి కావు. కాని ఒకటి గమనింపవలెను. తీసినవాడు కొండ దిగినప్పుడు ఫిలిమును అతనితోనే దిగెను. దానిని కడుగుట, అచ్చువేయుట మఱియెక్కడనో జరిగెను. కెమెరా యెదుట నిలిచిన మనిషికి తన బొమ్మను చూచుకొను భాగ్యము మిక్కిలి యరుదు.

ఈ దూరమును తగ్గించినది డిజిటల్ కెమెరా. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను నిరువురు సి.సి.డి. యను సిలికాను బిళ్లను కల్పించిరి. వెలుగు పడినచోట అందు విద్యుత్తు పోగగును. నూతినుండి నీటిని వరుసగా నిలిచినవారు బిందెలతో చేతికి చేయి అందించుకొన్నట్లు, ఆ విద్యుత్తును ఒక గడినుండి వేఱొక గడికి అందించి చివర లెక్కించుదురు. ఇందులకై వారికి 2009లో నోబెల్ బహుమతి వచ్చెను. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఇట్టి బిళ్లతో మొదటి డిజిటల్ కెమెరాను కూర్చెను. దాని బరువు మూడున్నర కిలోలకు పైబడినది. బొమ్మకు పదివేల చుక్కలే. ఒక్కొక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై ఎక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది.

ఇరువది యేండ్ల తరువాత, 1995లో, జపానులోని కాసియో కంపెనీ క్యూ.వి.-10 అను చిన్న కెమెరాను అమ్మకమునకు తెచ్చెను. దాని కటకము మెడవలె తిరిగెడిది. వెనుక రెండంగుళములకు లోపైన ఒక చిన్న తెఱ. తీసిన బొమ్మ ఆ తెఱమీద అప్పుడే కనబడెడిది. 1997లో సోనీ వారి మావికా కెమెరా ఫ్లాపీ డిస్కుమీదనే బొమ్మలను వ్రాసెడిది. 1999లో నికాన్ కూల్‌పిక్స్ 950 నడుము వద్ద మెలి తిరిగెడిది. డిజిటల్ కెమెరా రూపమెట్లుండవలెనో ఆనాటికింకను స్థిరపడలేదు. కాబట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క వింతగా పుట్టినది. ఆ వింతలే నేటి యువకులకు ముచ్చటగా నున్నవి.

ఇక అరకు మాట. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవునకు, అచ్చటనుండి జపానునకు చేర్చుటకై 1960వ దశకములో కొత్తవలస–కిరండోలు రైలుమార్గము వేసిరి. అది అనేక సొరంగములగుండ మన కొండలనెక్కును. ఇనుపరాయి ఆ పట్టాలమీద జపానునకు పోయినది. కొన్ని దశాబ్దములకు జపాను కంపెనీల చిన్న కెమెరాలు, యాత్రికుల చేతులలో, అదే పట్టాలమీద అరకు చేరినవి.

నేనప్పుడు అరకు చేరువనున్న ఒక గిరిజన గ్రామపు పాఠశాలలో పనిచేయుచుంటిని. ఒకనాడు మనుమనిని బడిలో దిగవిడువ వచ్చిన ఒక ముసలమ్మను ఫోటో తీసి, కెమెరా త్రిప్పి తెఱను చూపితిని. ఆమె చాలసేపు పలుకలేదు. పిదప, "మేష్టారూ, ఇది నా మొకం గాదు, మా అమ్మ మొకం" అన్నది. ఆ తల్లికి ఫోటో ఎన్నడును లేదు. తన ముఖములో ఆమె పోయిన తల్లిని చూచినది.

నా మొదటి మెమొరీ కార్డులో ఇరువది బొమ్మలకే చోటు. అది నిండగానే విశాఖపట్టణము పోయి అచ్చువేయించక తప్పెడిది కాదు. ప్రతి బొమ్మకు రెండు ప్రతులు: ఒకటి వారికి, ఒకటి నాకు. ఆ ముసలమ్మ బొమ్మను వారపు సంతలో ఆమె చేతికిచ్చి, వెనుక ఆమె పేరును మనుమనిచేతనే వ్రాయించితిని. కొన్నేండ్లకామె కాలము చేసినప్పుడు ఆ యింట నున్న ఫోటో అదియొక్కటే.

పిదప పెద్ద కార్డు కొంటిని. చోటు చాల కలదు గదా యని అచ్చువేయించుట మానితిని. మున్నూఱు బొమ్మలు చేరిన తరువాత ఒకనాడా కార్డు తెఱచుకొనలేదు. ఎవరికి చూపినను ఫలము లేకపోయినది. చిన్న కార్డులోని ముఖములు నిలిచినవి. పెద్ద కార్డులోనివి పోయినవి. తప్పు నాదే.

2000వ సంవత్సరముననే జపానులో షార్ప్ కంపెనీ ఫోనులో కెమెరా నమర్చినది. జపాను కెమెరా కంపెనీల సంఘపు లెక్కల ప్రకారము 2010లో పండ్రెండు కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు అంగళ్లకు పోగా, 2020నాటికి ఆ సంఖ్య కోటికి లోపే. ఇంత పతనమైన పిదపను పాతవాటిపై మక్కువ యేల? సి.సి.డి. రంగులే వేఱని కొందఱందురు. రంగు బిళ్లవలన మాత్రమే రాదు. కటకము, ఫ్లాష్, రంగులను సవరించుటకు లోపల పొదిగిన గణితము, అన్నియు కలసి తెచ్చును. ఫోనును బొమ్మను వెంటనే చూపును గదా యని మీరడుగవచ్చును. చూపును; కాని వేల బొమ్మలలో అది యొకటియై మునిగిపోవును. ఇరువదింటికే చోటున్నప్పుడు ఎవరిని తీయవలెనో ముందు తలచెడివారము. తీసినదానిని అచ్చువేయించి యిచ్చెడివారము. ఆ కొఱతయే దాని గుణమని నా యనుభవము.

కావున మీకొక మనవి. మీ యిండ్లలో ఇట్టి కెమెరా యున్నచో మొదట దానిలోని బ్యాటరీలు తీయుడు. కాఱిన బ్యాటరీ లోపలి రేకులను తినివేయును. కొన్ని పాతరకపు కార్డులను చదువు సాధనములు నానాటికి అరుదగుచున్నవి. కనుక ఆలసింపక స్టూడియోకు కొనిపోయి బొమ్మలను అచ్చువేయింపుడు. మూలనున్న తేదీని నమ్మకుడు. నా బొమ్మలలో సగము 2000వ సంవత్సరమువిగా కనబడును. నేను కెమెరా కొన్నది అయిదేండ్ల తరువాత. వెనుకవైపున పెన్సిలుతో మనిషిపేరు, ఊరు, సంవత్సరము మీరే వ్రాయుడు.

నాయొద్ద మిగిలిన ప్రతులు నలువది. వాటి వెనుక పేళ్లు వ్రాయుట మొదలుపెట్టితిని. ఏడుగురి పేళ్లు ఇంకను తెలియలేదు. ఆ యేడు బొమ్మలను సంచిలో పెట్టుకొని వచ్చు సంతకు పోయెదను.