చీని చీనాంబరాలు: కట్టినవారూ, నేసినవారూ

మన కథల్లో రాజు కట్టినా, దేవుడికి చుట్టినా చీని చీనాంబరాలే. జమ్మికుంటలో పాఠం చెబుతూ ఈ మాట దగ్గర నేను తప్పక ఆగుతాను. ఒక దేశమే దాని కడుపులో ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం చీనపట్టును పేర్కొన్నది. కాళిదాసు శాకుంతలంలో జెండాగుడ్డ చీనాంశుకమే. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనంలో సుంకం పడే సరుకుల్లో చీనా కర్పూరమూ, పట్టూ ఉన్నవి.

చీనాలో ఈ బట్ట అలంకారం మాత్రమే కాదు, అధికారానికి లిపి. 1391లో మింగ్ ప్రభుత్వం ఉద్యోగుల రొమ్ముమీది పట్టీలను నిర్ణయించింది: పౌరోద్యోగికి పక్షి, సైన్యాధికారికి మృగం. చదువురాని రైతు కూడా ఆ బొమ్మను చూసి ఎంత వంగాలో గ్రహించేవాడు. (ఇంతకన్న తేలికగా చదివించే వాచకం మరొకటి లేదేమో!) చింగ్ వంశం నాటికి నిండు పసుపు రంగు అంగీ చక్రవర్తి సొత్తు.

'కెసి' అనే నేతలో పేక పోగు అంచునుంచి అంచుకు పోదు. ప్రతి రంగూ తన బొమ్మ మేరకే వెళ్ళి వెనక్కు తిరుగుతుంది. రంగుకూ రంగుకూ మధ్య సన్నని చీలిక మిగులుతుంది. నాన్‌జింగ్ జరీ మగ్గంమీద ఒకడు పైన కూర్చుని తాళ్ళు లాగుతాడు, ఒకడు కింద నేస్తాడు. రోజంతా పనిచేసినా దిగేది రెండు మూడు అంగుళాలు.

మన మహదేవపూర్, చెన్నూరు అడవుల దసలి పట్టు వేరు. చీనా మల్బరీ పురుగు ఇంట్లో పెరుగుతుంది. ఇది మద్దిచెట్టుమీద ఆరుబయట పెరుగుతుంది. పిట్టలనుంచి, చీమలనుంచి దానిని పగలంతా కాయాలి. ఆ కాయను ఉడికించి తీసిన నూలు పూజగదిలో మడిబట్ట అయింది. పురుగును చంపిన బట్టకు అంటని మైల, అంటరానివాడని దూరం పెట్టిన మనిషికి మాత్రం అంటింది! నూలు బట్ట సంగతీ అంతే: నిజాం రాజ్యంలో నేతగాళ్ళు దొరల గడీలకు వెట్టిగా బట్టలు ఇచ్చుకోవలసి వచ్చింది.

సుజౌ నేతగాళ్ళకు ఈ బాధ తెలుసు. 1601లో చక్రవర్తి పంపిన అంతఃపుర ఉద్యోగి సున్ లుంగ్ మగ్గాలమీద పన్ను వేశాడు. మగ్గాలు మూతపడ్డాయి, కూలి నేతగాళ్ళు వీధిన పడ్డారు, తిరగబడ్డారు. పన్ను వసూలు మనుషులు హతులైనారు, సున్ లుంగ్ హాంగ్‌జౌకు పారిపోయాడు. సైన్యం పట్టణంమీద పడకముందే గ షియెన్ అనే నేతగాడు నేరమంతా తనదేనని లొంగిపోయి, పదేళ్ళకు పైగా చెరలో గడిపాడు. ఆయన సమాధి సుజౌలో ఉన్నది.