నాన్నగారి జనతా

నాన్నగారు పోయాక ఆయన చేతి గడియారం మా అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల మధ్య మౌనవ్రతం పట్టింది. ఒకటీ రెండూ కాదు, పదకొండేళ్లు. మొన్న సంక్రాంతికి పెదపాడు వెళ్లినప్పుడు అమ్మ దాన్ని తీసి నా చేతిలో పెట్టి, "ఒక్కసారి ఆడించరా, ఆ చప్పుడు వినాలనుంది" అంది.

హెచ్చెమ్టీ జనతా. రోజూ కీ ఇచ్చే రకం. ఏలూరులో ఓ షాపుకి పట్టుకెళితే, "పార్టులు రావండీ. లోపలి మిషను తీసేసి బ్యాటరీది పెట్టేస్తాను" అన్నాడు. గుండె తీసేసి మనిషిని ఇస్తానన్నట్టు తోచింది. జేబులో వేసుకుని వచ్చేశాను. నేనే విప్పుదామని నిశ్చయం!

విప్పేముందు దీని వంశచరిత్ర కాస్త చెప్పాలి. మన పూర్వులకి నిమిషాలతో పనిలేదు. అడుగున చిల్లి ఉన్న గిన్నెను నీళ్లమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. ఆ గడియలోంచే గడియారం వచ్చింది. నిమిషాలు నేర్పింది రైలుబండి. 1906 జనవరి 1న దేశానికంతటికీ ఒకే టైము పెట్టారు. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ చేరువగానే పోతుంది. పెదపాడు దానికి పడమర గనక, మా ఊరి సూర్యుడు ప్రభుత్వంవారి టైముకి సగటున ఆరు నిమిషాలు లేటు!

టైము అందరిదీ అయిందిగానీ, గడియారం కాలేదు. స్విట్జర్లాండు సరుకు ఉన్నవాళ్ల చేతికే దక్కేది. 1961లో హెచ్చెమ్టీ వారు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టాక, మామూలు గుమాస్తా మణికట్టు మీదకీ కాలం వచ్చింది. పెళ్లికొడుకులు అలిగి సాధించుకున్న వాచీలెన్నో! తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చి కీని మరిపించాయి. 2016లో కేంద్రం హెచ్చెమ్టీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది.

సరే, విప్పడం. మొదటి సూత్రం: స్ప్రింగులో ఉన్న బిగువంతా ముందు వదిలించాలి. కీని వేళ్లతో పట్టుకుని, అడ్డుకొక్కేన్ని తప్పించి మెల్లగా వదలాలి. లేకపోతే చక్రాలు గిర్రున తిరిగి పళ్లు రాలగొట్టుకుంటాయి. రెండో సూత్రం: ప్రతి మర తీసినప్పుడల్లా ఫోటో. మూడోది నాకెవరూ చెప్పలేదు: ఫ్యాను ఆపాలి, ఊపిరి బిగబట్టాలి. రాయిని అదిమిపెట్టే ఆవగింజంత స్ప్రింగు టింగుమని ఎగిరిపోయింది!

గంటసేపు నేలంతా తడిమాను. చివరికి మా ఆవిడ దీపాలార్పి, టార్చిని నేలకి ఆనించి వెలిగించింది. ప్రతి ఇసుకరేణువుకీ జానెడు నీడ. ఆ నీడల్లో దొరికింది స్ప్రింగు. మా తాతగారు నీడను అడుగులతో కొలిచి పొద్దు చెప్పేవారు. ఆ నీడే నన్నూ గట్టెక్కించింది.

పెట్రోలులో కడిగితే తెలిసింది, ఏ పార్టూ అరగలేదు. నూనె ఎండి జిగురైంది, అంతే. ఇరుసుల కొసలు తుడవడానికి విదేశాల్లో ఏదో చెట్టు బెండు వాడతారట. నేను జీలుగు బెండు వాడాను. 17 రాళ్లలో వేయాల్సినచోట సూదిమొనంత నూనె వేశాను. వెంట్రుకలాంటి స్ప్రింగుకి మాత్రం తగలనివ్వకూడదు. చుట్లు అంటుకుని వాచీ పరుగెత్తుతుంది.

అన్నీ బిగించి నాలుగు చుట్లు కీ ఇచ్చాను. చక్రం ఊగింది! సెకనుకి అయిదు టిక్కులు. రోజుకి 4,32,000. మన శాస్త్రాలు కలియుగానికి చెప్పిన సంవత్సరాలెన్నో, సరిగ్గా అన్ని!

టైము సరిచేసి, గర్వంగా అమ్మ చెవి దగ్గర పెట్టాను. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. తర్వాత ముళ్లకేసి చూసి, "అయిదు నిమిషాలు ముందుకి తిప్పరా. ఏలూరు బస్సు తప్పిపోతుందని ఆయన ఎప్పుడూ అలాగే పెట్టుకునేవారు" అంది.

తిప్పాను.