ఉడుత పాతరలోని పూవు

సైబీరియా ఈశాన్యభాగమున, ఉత్తరధ్రువసముద్రమున సంగమించు కొలిమా నది దిగువతీరమందు, దువానీ యార్ అను నెత్తైన గట్టు కలదు. ప్రతి వేసవియందును నదీజలములు దానిని కోసివేయుచుండగా, మంచుతో బిగిసిన మన్ను పెళ్లలుపెళ్లలుగ విరిగిపడి, మామత్ అను ప్రాచీనగజముల యెముకలును, అంతరించిన తృణభూముల యవశేషములును బయల్పడుచుండును.

ఈ గట్టులో 38 మీటర్ల లోతున రష్యా శాస్త్రజ్ఞులకు నేల ఉడుతల బొరియలు దొరికినవి. ఆ యల్పప్రాణి శీతకాలమును తలంచి, ఘనీభవించిన నేలవఱకు త్రవ్వి, బంతియంత గదిని తొలిచి, అందు ఎండుగడ్డియు జంతురోమములును పఱచి, కాయలను గింజలను నింపి దాచుకొనెను. ధాన్యపుపాతరలు చూచి పెరిగిన మనవారికి ఈ నేర్పును వేఱుగ వర్ణింపనక్కఱలేదు. ఏ హేతువుచేతనో ఆ నిల్వ వాడబడలేదు. పైని మన్ను పేరుకొని గడ్డకట్టినది; సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలో, మఱి యెన్నడును కరగక, ఆ గది యట్లే నిలిచిపోయినది.

ఇట్టి వార్తలను విన్నంతనే నమ్మరాదనుటకు పూర్వనిదర్శనము కలదు. కెనడాలోని యూకాన్ ప్రాంతమున 1954లో దొరికిన లూపిన్ గింజలు పదివేల యేండ్లనాటివనియు, అవి మొలకెత్తినవనియు 1967లో పోర్సిల్డ్ ప్రభృతులు ప్రకటింపగా లోకము విశ్వసించెను. వారు గింజల వయస్సును వాటి పరిసరములనుబట్టి ఊహించిరేగాని గింజలనే పరీక్షింపలేదు. 2009లో రేడియో కార్బన్ పరీక్ష జరుగగా అవి యాధునికములేయని తేలినది. కొలిమా తీరపు కాయల విషయమున ఆ లోపము లేదు: కాయలనే పరీక్షింపగా, మున్నూఱేండ్లు అటునిటుగ, 31,800 సంవత్సరములనాటివని నిర్ణయమైనది.

ఆ కాయలు సైలీనీ స్టెనోఫిల్లా అను చిన్నమొక్కవి. దాని సంతతి నేటికిని ఆ ప్రాంతమున పెరుగుచునేయున్నది. పండిన గింజలనుండి మొక్కను పెంపజూచిన యత్నములు ఫలింపలేదు. అప్పుడు పుష్చినో నగరమందలి స్వెత్లానా యాషినాయు, ఆమె సహచరులును పచ్చికాయలవైపు దృష్టి మరల్చి, వానిలో గింజలను పట్టియుండు మెత్తని కణజాలమును వేఱుచేసి, గాజుపాత్రలలో పోషకమాధ్యమముపై నుంచి, చిగుళ్లు పుట్టించి, వేళ్లు పట్టించి, కుండీలలోని మట్టిలో నాటిరి. జీవకణమునుండి సంపూర్ణమైన మొక్కను పెంపవచ్చునని 1902లో హాబర్లాంట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఊహించెనుగాని, తాను సాధింపలేకపోయెను. ఆ యూహ ఇన్ని సహస్రాబ్దుల ప్రాచీనమైన కణజాలమునందు సఫలమగుట నాకు ఆధునికవృక్షశాస్త్రమున కెల్ల మహనీయఘట్టముగ తోచుచున్నది. మొక్కలు పూచినవి. ఆ పూలరేకులు నేటి జాతిపూలరేకులకంటె సన్ననివి. కాయలు కాచి, ఆ కాయల గింజలు మొలకెత్తినవి. ఫలితములు 2012 ఫిబ్రవరిలో వెలువడినవి. ఆ పరిశోధనకు ముఖ్యులలో నొకరైన డేవిడ్ గిలిచిన్‌స్కీ మాత్రము అంతకు కొలదిదినములు ముందే పరమపదించెను.

శీతలదేశవృక్షసంరక్షణమున మనము విత్తునే సర్వస్వముగ నెంచుచున్నాము. విత్తు విఫలమైనచోట కాయలోని కణజాలము ఫలించినదను సత్యమును విత్తనసంరక్షకు లెల్లరును మనసున నుంచుకొనవలెను. పచ్చికాయలను, మొగ్గలను, చిగుళ్లను సైతము చలిలో భద్రపఱుపవలెను. చలిని మాత్రము నమ్మి యూరకుండుటయు తగదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపములందు 2008లో తెఱవబడిన విత్తనభాండాగారమును, కొండలోపలి ఘనీభూతభూమి రక్షించునను నమ్మికతో నిర్మించి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో విత్తులను నిల్వచేయుచున్నారు. 2016లో అకాలపు వేడిమిచే మంచు కరగి, ఆ నీరు దాని ప్రవేశసొరంగమున చొచ్చినది. విత్తులకు హాని కలుగలేదుగాని, ఆ సొరంగమును నీరు చొరకుండునట్లు మరల నిర్మింపవలసివచ్చెను.