తెడ్డు నుంచి అవుట్‌బోర్డ్ దాకా: చేపల పడవ వేగం నడిచిన దారి

నిజామాబాద్‌కు సముద్రం లేదు. ఉన్నవి మంజీర, గోదావరి. రెంజల్ మండలం కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈ రెండు నదులకు అడ్డంగా ఆనకట్టలు లేచాకే ఇక్కడి గంగపుత్రులకు, ముదిరాజులకు పడవ వేగంతో పని పడింది. అంతకుముందు వేటంతా ఊరి చెరువుల్లో, నది మడుగుల్లో. ఒక పుట్టి, ఒక తెడ్డు ఉంటే సరిపోయేది.

మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1963 జులై 26న గోదావరి మీద పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట శ్రీరాంసాగర్ అయింది. నిండితే దాని నీళ్లు 400 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని, బాసర దాటి పైకి తన్నుతాయి. రవ్వ, బొచ్చె కోసం వల వేసే చోటికీ ఒడ్డుకీ మధ్య కిలోమీటర్లు పెరిగాయి. ఎదురుగాలి లేస్తే తెడ్డు వేసే చేతులకు గంటల పని. ఎండాకాలం పట్టిన చేప ఆలస్యంగా ఒడ్డు చేరితే ధర సగానికి పడుతుంది. వేగం మీద ఆశ పుట్టింది అందుకే.

పుట్టికి ఆ ఆశ తీర్చే శక్తి లేదు. వెదురు బద్దలతో అల్లి, వెనకటికి తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పే ఆ గుండ్రటి పడవను ఒక్క మనిషి తలమీద మోసుకుపోగలడు. లోతు తక్కువ నీళ్లలో, రాళ్ల మధ్య దానికి సాటి లేదు. కానీ దానికి ముందూ వెనకా లేవు. మోటారు తగిలిస్తే ముందుకు పోవడం కంటే తన చుట్టూ తాను తిరగడానికే చూస్తుంది. మోటారు కావాలంటే ముందు పొడుగాటి పడవ కావాలి.

ఆ పొడుగు ఎంత పని చేస్తుందో లెక్క తేల్చినవాడు ఇంగ్లండ్‌కు చెందిన విలియం ఫ్రూడ్. 1870ల మొదట్లో టార్కీ ఊళ్లో పొడవాటి నీటి తొట్టి కట్టి, అందులో నమూనా పడవలను లాగి చూశాడు. పడవ నడిచేకొద్దీ తానే అలలు లేపుతుంది. వేగం పెరిగితే అల పొడుగు పెరుగుతుంది. అల పొడుగు పడవ పొడుగుతో సమానమయ్యాక పడవ తాను లేపిన అలనే ఎక్కలేక ఎక్కుతుంటుంది. నీటిలో మునిగి నడిచే 16 అడుగుల పడవకు ఆ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు, 25 అడుగులదానికి 12 పైచిలుకు. ఆ హద్దు దగ్గర ఇంజన్‌ను రెట్టింపు చేసినా వేగం పిసరంతే పెరుగుతుంది. దాటాలంటే పడవ తేలికగా, అడుగు చదునుగా ఉండి నీటి మీదికి లేవాలి. వలలు, మంచుపెట్టె, ముగ్గురు మనుషులు ఎక్కిన చేపల పడవ చిన్న మోటారుతో అలా లేవడం అరుదు.

మోటారు కథ వేరేచోట మొదలైంది. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో తన అవుట్‌బోర్డ్‌ను అమ్మకానికి పెట్టాడు. శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 62 పౌండ్లు. పడవ వెనక పలకకు బిగించి, పని అయ్యాక విప్పి ఇంటికి తీసుకుపోవచ్చు. మన దేశంలో చేపల పడవకు యంత్రం తగిలించే పని 1952 ఒప్పందంతో కేరళలో మొదలైన ఇండో నార్వేజియన్ ప్రాజెక్టుతో ఊపందుకుంది. తెలుగు తీరంలో తెప్పలు, నావలు చాలాకాలం తెరచాప మీదే నడిచాయి. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆధ్వర్యంలో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్, అలలు విరిగే ఇసుక ఒడ్డు మీదికి నేరుగా వచ్చి ఆగే మోటారు పడవలను తూర్పు తీరంలో పరీక్షించింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఫైబర్ బోట్లు, వాటితోపాటు మోటార్లు ఆంధ్ర తీరంలో వేగంగా పెరిగాయి.

ఆ ప్రోగ్రామ్‌లో పనిచేసిన పడవల రూపశిల్పి ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్‌సెన్ 1986లో చిన్న చేపల పడవల ఇంధన ఖర్చు తగ్గించే మార్గాలపై ఒక పత్రం రాశాడు. అందులోని సారం నేటికీ చెల్లుతుంది: పడవ పొడుగ్గా, తేలిగ్గా ఉండాలి, అడుగు శుభ్రంగా ఉండాలి, ప్రొపెల్లర్ పెద్దదై నిదానంగా తిరగాలి. హద్దుకు లోపల కూడా కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనంలో పెరుగుతుంది కాబట్టి వేగం 10 శాతం తగ్గిస్తే శక్తి పావు వంతుకు పైగా మిగులుతుంది.

ప్రొపెల్లర్ దగ్గరే అసలు గుట్టు ఉంది. ఒక చుట్టుకు 9 అంగుళాలు ముందుకు నడవాల్సిన ప్రొపెల్లర్‌ను తీసుకుందాం. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగి, గేరు దాన్ని సగం చేస్తే, నీళ్లు జారకుండా ఉన్నట్టయితే గంటకు 34 కిలోమీటర్లు పోవాలి. 10 కిలోమీటర్లకు మించి కదలలేని బరువు పడవకు దాన్ని బిగించడం, నిండు చెరకు ట్రాలీని టాప్ గేర్‌లో కదిలించబోవడమే. ఇంజన్ తన పూర్తి చుట్లకు చేరదు. రొప్పుతుంది, పెట్రోలు తాగుతుంది, శక్తి పూర్తిగా ఇవ్వదు. చుట్టుకు నడిచే దూరాన్ని ఒక అంగుళం తగ్గిస్తే చుట్లు సుమారు 200 పెరుగుతాయి. బరువు పడవకు అదే హార్స్‌పవర్‌తో వేగం పెంచే చవకైన మార్గం ఇది.

రెండోది మోటారు ఎత్తు. వెనక పలక ఎత్తుకు తగ్గట్టు పొట్టి కాడ మోటారు 15 అంగుళాలకు, పొడుగు కాడది 20 అంగుళాలకు చేస్తారు. ప్రొపెల్లర్ మీది అడ్డ రేకు పడవ అడుగుతో సమంగా ఉండాలి. పైకి లేస్తే ప్రొపెల్లర్ గాలి పీల్చుకుని ఊరికే తిరుగుతుంది, మరీ దిగితే కాడ నీళ్లను ఈడుస్తుంది.

శ్రీరాంసాగర్ దగ్గర వీటికి స్థానిక లెక్కలు తోడవుతాయి. దాని నిండు మట్టం 1091 అడుగులు. ఆ ఎత్తులో ఇంజన్ శక్తి మూడు శాతం దాకా తగ్గుతుంది. 45 డిగ్రీల మే ఎండలో గాలి ఇంకా పలచబడుతుంది. మంచినీళ్లు సముద్రపు నీళ్ల కంటే తేలిక కనుక అదే బరువుకు పడవ కాస్త ఎక్కువ మునుగుతుంది. తీరంలో బాగా నడిచిన మోటారు, ప్రొపెల్లర్ జత ఇక్కడికి తెస్తే మొరాయించడంలో వింత లేదు. ఇక ఇంధనం. చెరకు నుంచీ తీసే ఇథనాల్ ఇప్పుడు పెట్రోలులో 20 శాతం. లీటరుకు శక్తి ఆరేడు శాతం తక్కువ, పైగా అది తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్ 10 శాతం దాటొద్దని చాలామంది అవుట్‌బోర్డ్ తయారీదార్లు చెబుతారు. రోజుల తరబడి ట్యాంకులో మురిగిన పెట్రోలుతో మోటారు దమ్ము కోల్పోవడానికి ఇదొక కారణం.

కాబట్టి పడవకు వేగం కావాలన్నవారు ముందు చూడాల్సింది అడుగున పట్టిన పాచిని, లోపల నిలిచిన నీళ్లను, ప్రొపెల్లర్ రెక్కల అంచుల నొక్కులను. తర్వాత బరువు సర్దడం. ఆ తర్వాత మోటారు ఎత్తు, ప్రొపెల్లర్. పెద్ద ఇంజన్ వంతు చివరిది. అది బరువును, పెట్రోలు ఖర్చును కూడా వెంటతెస్తుంది. రాయితీ పథకాలు మాత్రం మోటారును హార్స్‌పవర్‌తోనే కొలుస్తాయి. మోటారుతో పాటు మంచినీటి జలాశయానికీ బరువు పడవకూ తగిన రెండో ప్రొపెల్లర్ ఇచ్చి, వలలు, మనుషులు ఎక్కిన పడవ మీద చుట్లు కొలిచి చూపిస్తే, అదే డబ్బుకు మత్స్యకారుడు చేపతో త్వరగా ఒడ్డు చేరతాడు.